గృహ ఆడియో యాంప్లిఫయరు

గృహ ఆడియో యాంప్లిఫయరు అనగా రికార్డు ప్లేయరు, సీడీ ప్లేయరు, కంప్యూటరు వంటి సాధనాల నుండి వచ్చే బలహీనమైన ధ్వని సంకేతాన్ని స్పీకరును కదిలించగల స్థాయికి పెంచే ఎలక్ట్రానిక్ సాధనం. తెలుగు పాఠ్యపుస్తకాలలో దీనిని వర్ధకం అని కూడా వ్యవహరిస్తారు. మేలైన విడిభాగాలతో, ధ్వనిలో మార్పు అతి తక్కువగా ఉండేట్లు తయారుచేసిన ఖరీదైన రకాలను హై-ఎండ్ యాంప్లిఫయర్లు అంటారు. వీటిలో కొన్ని లావుపాటి పుస్తకమంత ఉంటే, మరికొన్నింటిని ఇద్దరు మనుషులు కలిసి ఎత్తవలసి ఉంటుంది. ఈ తేడాకు ప్రధాన కారణం ధ్వని నాణ్యత కాదు. విద్యుత్తును సమకూర్చుకొనే పద్ధతి, వేడిని వదిలించుకొనే పద్ధతి, ఈ రెండే పెట్టె పరిమాణాన్ని నిర్ణయిస్తాయి. అందువలన యాంప్లిఫయరు ఎంపిక అది పనిచేయవలసిన ప్రాంతపు వాతావరణం మీద, విద్యుత్ సరఫరా మీద కూడా ఆధారపడుతుంది. ఇందుకు తెలంగాణలోని సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం మంచి ఉదాహరణ.

చరిత్ర

1906లో అమెరికాకు చెందిన లీ డి ఫారెస్ట్ ఆడియాన్ అనే మూడు ఎలక్ట్రోడుల వాల్వును రూపొందించాడు. యాంప్లిఫయర్లకు ఇదే పునాది. 1927లో బెల్ ప్రయోగశాలల ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్, బయటకు వచ్చే సంకేతంలో కొంత భాగాన్ని వెనుకకు పంపి లోపాలను సరిదిద్దే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ పద్ధతిని కనుగొన్నాడు. 1947లో డి.టి.ఎన్. విలియంసన్ బ్రిటన్‌లోని వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రచురించిన 15 వాట్ల వాల్వు యాంప్లిఫయరు నమూనాను ఎందరో అభిరుచి గలవారు స్వయంగా నిర్మించుకున్నారు. అదే సంవత్సరం డిసెంబరులో బెల్ ప్రయోగశాలలలో ట్రాన్సిస్టరు పుట్టింది. ట్రాన్సిస్టర్ల రాకతో వాల్వులకూ స్పీకరుకూ మధ్య ఉండే బరువైన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు అవసరం తప్పింది.

1975లో వచ్చిన క్వాడ్ 405 చిన్న పెట్టెలోనే ఒక్కో ఛానెలుకు 100 వాట్లు ఇచ్చింది. 1980లో వచ్చిన క్రెల్ కేఎస్ఏ-50 ఒక్కో ఛానెలుకు 50 వాట్లే ఇచ్చినా దానికంటే ఎంతో బరువైనది. కారణం అది ఎ తరగతిలో పనిచేయడమే.

నిర్మాణం

యాంప్లిఫయరులో ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. అవి సంకేతాన్ని స్వీకరించి పెంచే తొలి దశ, స్పీకరుకు విద్యుత్ప్రవాహాన్ని అందించే తుది దశ, ఈ రెండింటికీ విద్యుత్తును సమకూర్చే పవర్ సప్లై. బరువులో ఎక్కువ వాటా పవర్ సప్లైది, తుది దశకు బిగించే అల్యూమినియం హీట్ సింకులది.

8 ఓముల స్పీకరుకు 100 వాట్లు ఇవ్వాలంటే యాంప్లిఫయరు శిఖర స్థాయిలో 40 వోల్టులు, 5 ఆంపియర్లు అందించాలి. అదే వోల్టేజి వద్ద 4 ఓముల స్పీకరుకు 10 ఆంపియర్లు కావాలి, అప్పుడు సామర్థ్యం 200 వాట్లవుతుంది. నిరోధం తగ్గినప్పుడు సామర్థ్యం ఇలా రెట్టింపు కావాలంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, పెద్ద కెపాసిటర్లు అవసరం.

మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్‌ది. ఇంత తక్కువ పౌనఃపున్యం వద్ద ట్రాన్స్‌ఫార్మరుకు ఎక్కువ ఇనుము, ఎక్కువ రాగి కావాలి. అదే విద్యుత్తును వేల హెర్ట్‌జ్‌ల పౌనఃపున్యానికి మార్చి వాడే స్విచ్ మోడ్ పవర్ సప్లైలలో అరచేతిలో పట్టే ట్రాన్స్‌ఫార్మరు సరిపోతుంది.

తరగతులు

* ఎ తరగతి: తుది దశ ట్రాన్సిస్టర్లలో ఎల్లప్పుడూ పూర్తి ప్రవాహం ఉంటుంది. దక్షత సిద్ధాంతరీత్యా కూడా 50 శాతం మించదు. పాట లేనప్పుడే ఇది ఎక్కువ వేడెక్కడం విశేషం.
* బి తరగతి: సంకేతంలోని ధన, రుణ భాగాలను వేర్వేరు ట్రాన్సిస్టర్లు మోస్తాయి. గరిష్ఠ దక్షత 78.5 శాతం. రెండు భాగాలు కలిసే చోట ధ్వనిలో లోపం వస్తుంది.
* ఏబి తరగతి: పై రెండింటి మధ్యస్థం. ఇళ్ళలో చాలాకాలంగా ఎక్కువగా కనిపించేది ఇదే.
* డి తరగతి: ట్రాన్సిస్టర్లు అతివేగంగా స్విచ్చుల వలె పనిచేస్తాయి. దక్షత 90 శాతం దాటగలదు. డి అనగా డిజిటల్ అన్న అభిప్రాయం సరికాదు. 1964లోనే బ్రిటన్‌కు చెందిన సింక్లెయిర్ సంస్థ ఈ రకం కిట్టును అమ్మినప్పటికీ, ఆనాటి ట్రాన్సిస్టర్ల వేగం చాలనందున అది నిలదొక్కుకోలేదు. నేడు మంచి డి తరగతి యాంప్లిఫయర్లు కొలతలలో బరువైన వాటికి దీటుగా ఉన్నాయి.

సామర్థ్యం, ధ్వని తీవ్రత

వాట్లు రెట్టింపైతే ధ్వని రెట్టింపుగా వినిపించదు. వాట్లు రెట్టింపైనప్పుడు పెరిగేది 3 డెసిబెల్‌లు మాత్రమే. చెవికి ధ్వని దాదాపు రెండింతలుగా తోచాలంటే 10 డెసిబెల్‌లు పెరగాలి, అనగా పది రెట్లు వాట్లు కావాలి. కనుక 50 వాట్ల యాంప్లిఫయరుకు బదులు 100 వాట్లది కొన్నవారికి తేడా స్వల్పంగానే తెలుస్తుంది.

ఒక స్పీకరు 1 వాటుకు 1 మీటరు దూరంలో 87 డెసిబెల్‌లు ఇస్తుందనుకుందాం. ఆరుబయట 3 మీటర్ల దూరంలో ఇది సుమారు 9.5 డెసిబెల్‌లు తగ్గుతుంది. అక్కడ సగటున 80 డెసిబెల్‌లు వినిపించడానికి 2 వాట్లకు లోపే చాలు. అయితే మృదంగం దెబ్బ వంటి క్షణికమైన శిఖరాలు సగటు కంటే 15 డెసిబెల్‌లు ఎక్కువగా ఉంటే, ఆ క్షణంలో 57 వాట్ల వరకు అవసరమవుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని, రెండో స్పీకరు తోడైతే ఈ అవసరం ఇంకా తగ్గుతుంది.

పీఎంపీవో

1990లు, 2000లలో భారతదేశంలో అమ్ముడైన అనేక మ్యూజిక్ సిస్టమ్‌ల మీద పీఎంపీవో అనే అంకె పెద్ద అక్షరాలతో కనిపించేది. దీనిని కొలవడానికి అందరూ అంగీకరించిన పద్ధతి లేదు. పెట్టె వెనుక పట్టీ మీద విద్యుత్ వినియోగం 40 వాట్లు అని ఉండి, ముందు వెయ్యి వాట్లు అని ఉంటే, ఆ వెయ్యి వాట్లు నిరంతరంగా అందడం అసాధ్యం. కొనుగోలుదారు చూడవలసినది ఆర్ఎంఎస్ పేరిట ఇచ్చే నిరంతర సామర్థ్యం, అది ఎన్ని ఓముల వద్ద, ఎంత విరూపణతో, ఒక ఛానెలుకా లేక రెండింటికా అన్న వివరాలు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఈ వివరాలతో కూడిన ప్రకటన తప్పనిసరి చేసింది.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో

హైదరాబాదు నుండి పుణె వెళ్ళే 65వ జాతీయ రహదారి వెంట రామచంద్రాపురం, పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట వరుసగా ఉన్నాయి. బీహెచ్ఈఎల్ కర్మాగారం, పాశమైలారం పారిశ్రామికవాడ ఈ ప్రాంతంలోనివే. కంది వద్ద హైదరాబాదు ఐఐటీ ఉంది. మెదక్ జిల్లాలో భాగంగా ఉండిన ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లాగా ఏర్పడింది. ఇటువంటి చోట యాంప్లిఫయరుకు మూడు అంశాలు ముఖ్యమైనవి.

ఉష్ణోగ్రత: ఇక్కడ మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. 200 వాట్ల వేడిని వెలువరించే ఎ తరగతి యాంప్లిఫయరు హీట్ సింకు గది కంటే 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుంటే, 25 డిగ్రీల గదిలో అది 65 డిగ్రీల వద్ద, 42 డిగ్రీల గదిలో 82 డిగ్రీల వద్ద ఉంటుంది. వేడికి ముందుగా దెబ్బతినేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. ఏసీ పెట్టినా ఖర్చు తప్పదు. 400 వాట్లు తీసుకొనే యాంప్లిఫయరు ఒక టన్ను ఏసీ శక్తిలో తొమ్మిదో వంతును తానే వాడించుకొంటుంది. రోజుకు 3 గంటల చొప్పున నెలకు 36 యూనిట్లు కాలుస్తుంది.

వోల్టేజి: కర్మాగారాలలోని ఇండక్షన్ మోటార్లు నేరుగా ప్రారంభించినప్పుడు సాధారణం కంటే 5 నుండి 7 రెట్లు ప్రవాహాన్ని తీసుకొంటాయి. అదే లైను మీద ఉన్న ఇళ్ళలో వోల్టేజి క్షణకాలం పడిపోతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే సాధారణ పవర్ సప్లై గల యాంప్లిఫయరు గరిష్ఠ సామర్థ్యం 19 శాతం తగ్గుతుంది. ఇది ఒక డెసిబెల్ కంటే తక్కువ గనుక చెవికి తెలియడం కష్టం. నిజమైన ప్రమాదం వోల్టేజి అతిగా పెరగడంలోనే ఉంది.

దుమ్ము: హీట్ సింకు రెక్కల మధ్య, ఫ్యానులలో చేరిన దుమ్ము గాలిని అడ్డుకొంటుంది. యాంప్లిఫయరు పైన, పక్కల ఖాళీ స్థలం వదలాలి.

భద్రత

స్పీకర్లలో గుయ్‌మనే శబ్దం వస్తే కొందరు ప్లగ్గులోని ఎర్తు పిన్నును తొలగిస్తారు. శబ్దం పోవచ్చును గాని, లోపల తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలితే ముట్టుకొన్నవారికి ప్రాణాంతకం కాగలదు. సాధనాలన్నిటినీ ఒకే ఎర్తు గల ఒకే బోర్డుకు కలపడం సరైన పద్ధతి. మూడు పిన్నుల ప్లగ్గుతో వచ్చిన యాంప్లిఫయరును ఎర్తు లేకుండా వాడరాదు. స్విచ్చి తీసిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్లలో విద్యుదావేశం కొంతసేపు నిలిచి ఉంటుంది గనుక అనుభవం లేనివారు మూత తెరవరాదు.