నమూనా సభలు – కోనసీమ చరిత్రలో రెండు ఘట్టాలు

ఉపోద్ఘాతం:
విద్యార్థులు వివిధ దేశాల ప్రతినిధులుగా సమావేశమై అంతర్జాతీయ సమస్యలను చర్చించే కార్యక్రమం ‘నమూనా ఐక్యరాజ్యసమితి’. 1920వ దశకంలో అమెరికా విశ్వవిద్యాలయాలలో నానాజాతి సమితికి నమూనాగా ఆరంభమైన ఈ అభ్యాసం, 1945లో ఐక్యరాజ్యసమితి ఏర్పడిన తరువాత ఆ పేరుతో విస్తరించింది. మన దేశంలో దీనికి సన్నిహితమైన ‘యువ పార్లమెంటు’ పథకం 1966లో ఢిల్లీ పాఠశాలలలో మొదలైంది. ఇటువంటి సభల ప్రయోజనాన్ని కోనసీమ చరిత్ర నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సభాపద్ధతి:
విద్యార్థికి కేటాయించిన దేశం అతడు అభిమానించే దేశం కానక్కరలేదు. సొంత అభిప్రాయాన్ని పక్కనపెట్టి ఆ దేశ వైఖరిని అధ్యయనం చేయాలి. అధ్యక్షుని అనుమతితో, నిర్ణీత సమయంలోనే మాట్లాడాలి. భిన్న పక్షాలతో సంప్రదించి తీర్మానం ముసాయిదాను రూపొందించాలి. అంటే వాదనలో గెలుపు కంటే అంగీకారం సాధించడమే ఇక్కడ ప్రధానం.

అధ్యక్షస్థానం – 1999:
యెదుర్లంకలో జన్మించిన జి.ఎం.సి. బాలయోగి 1998 మార్చిలో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ పదవిని అధిష్ఠించిన తొలి దళితుడాయన. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వ విశ్వాసతీర్మానం ఓటింగుకు వచ్చింది. ఒడిశా ముఖ్యమంత్రిగా ఉంటూనే లోక్‌సభ సభ్యత్వం వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చునా అన్న వివాదం తలెత్తింది. బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ విజ్ఞతకే విడిచిపెట్టారు. 269కి 270 ఓట్లతో ప్రభుత్వం పడిపోయింది. బాలయోగి ఎన్నికైన తెలుగుదేశం పార్టీ ఆనాడు ప్రభుత్వం పక్షాన ఓటు వేసిందన్నది ఇక్కడ గమనార్హం. స్వపక్షానికి నష్టం కలిగే అవకాశమున్నా అధ్యక్షస్థానం తటస్థంగా నిలిచింది.

అమలాపురం – 2022:
2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలని ప్రతిపాదిస్తూ మే 18న ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాల కోసం 30 రోజుల గడువు ప్రకటించింది. వారం తిరగకముందే, మే 24న, అమలాపురంలో నిరసన హింసగా మారింది. మంత్రి, శాసనసభ్యుల ఇళ్లు దగ్ధమయ్యాయి. చివరకు ఆ పేరే ఖరారైంది. అభ్యంతరం చెప్పుకునే మార్గం తెరిచి ఉండగానే నిప్పు రాజుకోవడం ఈ ఘట్టంలోని విషాదం.

ముగింపు:
ఒకే నేల రెండు భిన్న దృశ్యాలను చూసింది. మొదటిదానిలో సభామర్యాద నిలిచింది, రెండవదానిలో చర్చకే చోటు లేకపోయింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట విద్యాసంస్థలలో నమూనా సభలు ఆంగ్ల వాగ్ధాటి పోటీలుగా మిగిలిపోకూడదు. దూరదేశాల సమస్యలతోపాటు స్థానిక వివాదాలనూ తెలుగులో చర్చకు పెట్టి, విద్యార్థి చేత తనకు నచ్చని పక్షాన్ని కూడా నిజాయితీగా వినిపింపజేయాలి. ఎదుటివారి వాదనను వారి స్థానంలో నిలిచి పలికినవానికి వారిని శత్రువులుగా చూడటం అంత సులభం కాదు.