థైరాయిడ్ గడ్డల అల్ట్రాసౌండ్ పరీక్ష: చరిత్ర

థైరాయిడ్ గ్రంథి మెడ ముందు భాగంలో, చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. అందుకే అందులో లేచే గడ్డలను, నీటి తిత్తులను చూడటానికి అల్ట్రాసౌండ్ బాగా పనికొచ్చింది. 1967లో జపాన్‌లో ఫుజిమోటో బృందం 184 మందిని ఈ పద్ధతిలో పరీక్షించి ఫలితాలు ప్రచురించింది.

తొలి యంత్రాల బొమ్మలు మసకగా ఉండేవి. వాటితో ముఖ్యంగా తేల్చగలిగింది ఒక్కటే: లోపలున్నది ద్రవమా, గట్టి కణజాలమా? ద్రవం నుంచి ప్రతిధ్వని రాదు. అందుకే తిత్తి నల్లగా, నున్నని అంచుతో కనిపిస్తుంది, దాని వెనుక భాగం మరింత తెల్లగా వెలుగుతుంది. కొన్ని తిత్తుల్లో తోకచుక్కలాంటి మెరుపులుంటాయి. అవి చిక్కబడ్డ కొల్లాయిడ్ (థైరాయిడ్‌లోని జిగట పదార్థం) గుర్తులనీ, భయపడనక్కర్లేదనీ 1990ల పరిశోధనలు చూపాయి.

కష్టమంతా గట్టి గడ్డలతోనే. వాటిలో ఎక్కువ భాగం హానిచేయనివే, కానీ ఏది క్యాన్సరో ఒక్క చూపులో చెప్పలేం. చేతికి తగలని గడ్డలను పరిశీలించిన దక్షిణ కొరియా రేడియాలజిస్టులు 2002లో నాలుగు అనుమాన లక్షణాలను పేర్కొన్నారు: సన్నని సున్నపు చుక్కలు, ఎగుడుదిగుడు అంచు, బాగా నల్లని రంగు, వెడల్పుకన్నా ఎత్తు ఎక్కువగా ఉండటం. 2009లో చిలీ వైద్యులు రొమ్ము పరీక్షల వర్గీకరణను ఆదర్శంగా తీసుకుని టైరాడ్స్ అనే వర్గీకరణను రూపొందించారు.

ఇంత స్పష్టంగా చూడగలగడమే కొత్త సమస్యను తెచ్చింది. దక్షిణ కొరియాలో 1999 తర్వాత క్యాన్సర్ ముందస్తు పరీక్షలు విస్తరించాయి. కొద్దిపాటి అదనపు రుసుముకే థైరాయిడ్ స్కాన్ కూడా చేసేవారు. 2011 నాటికి అక్కడ థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణ రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. మరణాల రేటు మాత్రం మారలేదు. అంటే కొత్తగా బయటపడ్డవాటిలో అత్యధికం ఎన్నటికీ ప్రాణం మీదికి రానివి. అయినా దాదాపు అందరికీ ఆపరేషన్లు జరిగాయి. చాలామందికి జీవితాంతం మాత్రలు తప్పలేదు, కొందరికి గొంతు దెబ్బతింది, ఇంకొందరికి కాల్షియం తగ్గింది. ఆరోగ్యంగా ఉన్నవారికి వైద్యమే చేసిన ఈ హాని చిన్నదేమీ కాదు. 2014లో కొందరు వైద్యులు ఈ స్కాన్లను బహిరంగంగా వ్యతిరేకించాక ఏడాదిలోనే ఆపరేషన్లు సుమారు మూడో వంతు తగ్గాయి.

జపాన్‌లోని కోబేలో కుమా ఆసుపత్రి 1993 నుంచే మరో దారి పట్టింది. సెంటీమీటరు లోపు, ముప్పు తక్కువైన క్యాన్సర్లను కోయకుండా క్రమం తప్పక స్కాన్ చేస్తూ గమనించింది. వాటిలో చాలావరకు ఏళ్ల తరబడి పెరగలేదు. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ ప్రకటించిన పాయింట్ల పద్ధతిలోనూ ఈ సంయమనం కనిపిస్తుంది. అందులో పూర్తి నీటి తిత్తికి ఎంత పెద్దదైనా సూది పరీక్ష సూచించరు. స్వల్ప అనుమానమున్న గడ్డకు 2.5 సెంటీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే సూది వేస్తారు. అత్యంత అనుమానాస్పదమైనదైనా సెంటీమీటరు లోపుంటే సాధారణంగా సూది వేయరు.