అచ్చు తెచ్చిన మార్పు
తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు సామాన్యుడికి అందడానికి 19వ శతాబ్దపు గట్టి రబ్బరు, అంటే వల్కనైట్, కారణమంటారు. నా దృష్టిలో అసలు మలుపు అంతకు ముందు శతాబ్దంలోనే వచ్చింది. అంతవరకూ ఏనుగు దంతాన్నో, నీటిగుర్రం దంతాన్నో చెక్కి, నోట్లో పెట్టి చూసి, ఒరుసుకున్నచోట మళ్లీ గీకేవారు; ఆ బాధంతా రోగిదే. 1756లో బెర్లిన్ దంతవైద్యుడు ఫిలిప్ ఫాఫ్ మైనంతో దవడ అచ్చు తీసి, అందులో ప్లాస్టర్ పోసి నమూనా చేసే పద్ధతిని తన పుస్తకంలో వివరించాడు. దాంతో చెక్కుడు పని చాలావరకు నోటి నుంచి బల్ల మీదికి మారే వీలు కలిగింది.

రబ్బరు చౌక కాబట్టే కట్టుడు పళ్లు పెరిగాయన్న వాదనలో నిజముంది, కాదనను. కానీ ఆ రబ్బరుకు నోటికి సరిపడే ఆకారం వచ్చింది నమూనా వల్లనే. తర్వాత వచ్చిన అక్రిలిక్‌కూ, కోబాల్ట్ క్రోమియం లోహానికీ అదే ఆధారం. కొన్ని పళ్లే పోయినవారి విషయంలో దాని అవసరం మరీ ఎక్కువ: మిగిలిన పళ్లలో దేనికి కొక్కెం తగిలించాలో డాక్టరు తేల్చుకునేది ఆ నమూనా చూసే.