గోడౌన్‌లో పుట్టిన మ్యూజిక్: ఫ్రాంకీ నకుల్స్

హౌస్ మ్యూజిక్ అంటాం కదా, ఆ ‘హౌస్’ ఏంటో తెలుసా? ఇల్లు కాదు ఫ్రెండ్స్, గోడౌన్!

1977లో న్యూయార్క్ కుర్రాడు ఫ్రాంకీ నకుల్స్ షికాగో వచ్చి ‘వేర్‌హౌస్’ క్లబ్బులో డీజే అయ్యాడు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే కుర్రాళ్లు. బయట చిన్నచూపు, లోపల మాత్రం రాత్రంతా డాన్సు.

1979లో అదే ఊళ్లో, బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో రికార్డుల్ని కుప్పపోసి పేల్చేశారు. డిస్కో పని అయిపోయిందన్నారు. కొత్త పాటలు తగ్గిపోయాయి. ఫ్రాంకీ ఆగలేదు. పాత పాటల టేపుల్ని కోసి అతికించి బీటు సాగదీశాడు, తర్వాత డ్రమ్ మెషీన్ కలిపాడు. రికార్డు షాపుల్లో జనం ‘వేర్‌హౌస్ పాటలు’ అని అడిగీ అడిగీ, చివరికి ‘హౌస్’ మిగిలిందంటారు.

1998లో గ్రామీ వచ్చింది. 2004లో ఆ క్లబ్బున్న వీధికి ఆయన పేరు పెట్టారు. 2014లో ఆయన పోయారు. పేల్చేసిన రికార్డుల బీటు మాత్రం ఇవాళ మన ఇయర్‌ఫోన్లలో మోగుతూనే ఉంది.