ఆగస్టు 28: అల్ ఐన్ నుంచి క్యాలెండర్‌లోకి

మహిళల పేరిట ఒక రోజు పెట్టాలనుకున్న ప్రతి దేశమూ ముందు ఒక తేదీ వెతుక్కోవాలి. ఆ తేదీని ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో చూస్తే, అక్కడ స్త్రీల కథ ఎలా నడిచిందో సగం అర్థమైపోతుంది. మార్చి 8 వెనుక 1917లో పెట్రోగ్రాడ్ వీధుల్లో రొట్టె కోసం సమ్మెకు దిగిన కార్మిక స్త్రీలున్నారు. అమెరికా వాళ్ల ఆగస్టు 26 వెనుక ఉన్నది ఒక సంతకం. స్త్రీలకు ఓటు హక్కునిచ్చే 19వ సవరణ అమల్లోకి వచ్చిందని 1920లో ఆ రోజున విదేశాంగ మంత్రి బెయిన్‌బ్రిడ్జ్ కోల్బీ ధ్రువీకరించాడు. దాన్ని సమానత్వ దినంగా ప్రకటించడానికి 1973 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ బెల్లా అబ్జుగ్ పట్టు విడవకపోబట్టి. మన దేశం ఫిబ్రవరి 13న జాతీయ మహిళా దినం జరుపుకొంటుంది. అది హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు జన్మదినం.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఎంచుకున్నది ఆగస్టు 28. సమ్మె జరిగిన రోజు కాదది, చట్టం వచ్చిన రోజూ కాదు. ఒక సంస్థ పుట్టిన సందర్భం. 1975 ఆగస్టులో ఏర్పడిన జనరల్ విమెన్స్ యూనియన్‌ను తలుచుకుంటూ ఆ తేదీని ఎమిరాతీ మహిళా దినంగా పెట్టారు. ఆ యూనియన్ కేంద్రం అబూ ధాబీలో ఉన్నా దాని కథ మొదలైంది అల్ ఐన్ పట్టణంలో. యూనియన్‌ను స్థాపించి ఇప్పటికీ నడిపిస్తున్న షేఖా ఫాతిమా బింత్ ముబారక్ పుట్టింది అల్ ఐన్ పరిసరాల్లోని అల్ హయర్‌లో. షేఖ్ జాయెద్‌తో ఆమె పెళ్లి 1960లో అయింది. అప్పటికి ఆయన ఇంకా దేశాధ్యక్షుడూ కాలేదు, అబూ ధాబీ పాలకుడూ కాలేదు. 1946 నుంచి అల్ ఐన్‌లో పాలకుడి ప్రతినిధిగా ఉంటూ ఫలజ్ నీటి కాలువలు తవ్వించడం, బాగుచేయించడం, తోటలకు నీటి వంతుల తగవులు తీర్చడం ఆయన పని. గోదావరి జిల్లాల వాళ్లకు ఆ పని తీరు చెప్పక్కర్లేదు.

ఆ 1960లోనే అల్ ఐన్‌కు మరో జంట వచ్చింది. అమెరికన్ మిషనరీ డాక్టర్లు పాట్ కెన్నెడీ, మేరియన్ కెన్నెడీ. జాయెద్ ఇచ్చిన మట్టి ఇంట్లో ఆసుపత్రి తెరిచారు. అదే ఒయాసిస్ ఆసుపత్రి. ప్రసవంలో తల్లీ బిడ్డా పోవడం మామూలు సంగతిగా ఉన్న ఊళ్లో ఒక లేడీ డాక్టరు ఉండటమంటే ఏమిటో ఊహించుకోవచ్చు. 1962లో గెర్‌ట్రూడ్ డిక్ అనే కెనడా నర్సు వచ్చి చేరింది. ఊరి స్త్రీలు ఆమెను ‘డాక్టరా లతీఫా’ అని పిలుచుకున్నారు. దాదాపు నాలుగు దశాబ్దాలు ఆమె అక్కడే ఉండిపోయింది. 1961లో షేఖా ఫాతిమా తొలి కాన్పు ఆ ఆసుపత్రిలోనే జరిగింది. అప్పుడు పుట్టిన మహమ్మద్ బిన్ జాయెద్ 2022 నుంచి దేశాధ్యక్షుడు. అల్ ఐన్‌లో స్త్రీల సమానత్వానికి ఒక తొలి తేదీ ఎంచమని అడిగితే నేనైతే ఈ ఆసుపత్రి తలుపులు తెరిచిన రోజునే ఎంచుతాను. ప్రాణం నిలబడ్డాకే కదా చదువూ ఉద్యోగమూ పదవీ. కానీ పరదేశి డాక్టర్లు తెరిచిన ఆసుపత్రి రోజును ఏ దేశమూ తన జాతీయ దినంగా పెట్టుకోదు.

1971 డిసెంబర్ 2న ఎమిరేట్స్ సమాఖ్య ఏర్పడింది. 1973లో షేఖా ఫాతిమా అబూ ధాబీలో మొదటి మహిళా సంఘాన్ని పెట్టింది. రెండేళ్లకు వేర్వేరు ఎమిరేట్లలోని సంఘాలన్నీ కలిసి యూనియన్ అయ్యాయి. ఆ ఏడాదిని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా ప్రకటించింది. మెక్సికో సిటీలో తొలి ప్రపంచ మహిళా సదస్సు ముగిసి రెండు నెలలైనా కాకముందే ఇక్కడ యూనియన్ పుట్టింది. ప్రపంచమంతా వీచిన గాలి ఎడారికీ తగిలిందన్నమాట. తొలి రోజుల్లో యూనియన్ చేసిన పనిలో హంగేమీ లేదు: అక్షరాలు నేర్పించడం, కుట్టుపని, నేత, పిల్లల ఆరోగ్యం. మద్రాసులో దుర్గాబాయి 1937లో ఆంధ్ర మహిళా సభను మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న దారీ ఇంచుమించు ఇదే. తేడా ఒక్కటే, కానీ పెద్దది. దుర్గాబాయి జైలుకు వెళ్లి వచ్చిన మనిషి, ఆమె సభకు ఊపు స్వాతంత్ర్యోద్యమం నుంచి వచ్చింది. ఎమిరేట్స్ యూనియన్ పాలక కుటుంబం ఇంట్లోంచి వచ్చింది. దాని బలమూ అదే, హద్దూ అదే.

యూనియన్ పెట్టిన రెండేళ్లకు, 1977లో, దేశపు తొలి విశ్వవిద్యాలయం తరగతులు మొదలుపెట్టింది. దాన్ని రాజధానిలో కాకుండా అల్ ఐన్‌లో పెట్టారు. కూతుర్ని కైరోకో లండన్‌కో పంపడానికి ఒప్పుకోని తండ్రి, అల్ ఐన్ పంపడానికి ఒప్పుకున్నాడు. ఆడపిల్లలకు వేరుగా తరగతులు, వేరుగా హాస్టళ్లు ఉన్నాయి కాబట్టే ఒప్పుకున్నాడు. ఆ విభజన నచ్చనివాళ్లు కూడా ఫలితాన్ని కాదనలేరు. కొన్నేళ్లకే అక్కడ విద్యార్థుల్లో అమ్మాయిలదే ఎక్కువ వాటా అయింది. 2004లో షేఖా లుబ్నా అల్ ఖాసిమీ తొలి మహిళా మంత్రి అయింది. 2006లో ఫెడరల్ నేషనల్ కౌన్సిల్‌కు ఎన్నికైన తొలి మహిళ అమల్ అల్ ఖుబైసీ, అల్ ఐన్‌లోని ఆ విశ్వవిద్యాలయంలోనే ఆర్కిటెక్చర్ బోధించినావిడ. ఆ ఎన్నికలో ఓటు వేసింది పాలకులు ఎంపిక చేసిన కొద్ది వేల మందే. అది మరిచిపోయి చప్పట్లు కొట్టడం తప్పు. అయినా ఒక స్త్రీ పోటీ చేసి గెలవడం అక్కడ అదే మొదలు.

ఇంత దూరం వచ్చాక గానీ ప్రత్యేకంగా ఒక రోజు రాలేదు. తొలి ఎమిరాతీ మహిళా దినం 2015 ఆగస్టు 28న జరిగింది. ఆ ఏడాది దాన్ని సాయుధ దళాల్లో పనిచేస్తున్న స్త్రీలకు అంకితమిచ్చారు. అంతకు ముందు ఏడాదే మరియం అల్ మన్సూరీ అనే పైలట్ యుద్ధ విమానం నడిపి ప్రపంచ పత్రికల్లోకి ఎక్కింది. ఆ 2015లోనే జెండర్ బ్యాలెన్స్ కౌన్సిల్ ఏర్పడింది. నవంబర్‌లో అమల్ అల్ ఖుబైసీ ఫెడరల్ నేషనల్ కౌన్సిల్ అధ్యక్ష స్థానంలో కూర్చుంది. తర్వాతి ఏళ్లలో ప్రతి ఆగస్టుకూ ఒక నినాదం వచ్చింది, దాదాపు ఎప్పుడూ ప్రభుత్వం ఆ ఏటికి పెట్టుకున్న అంశానికి అనుబంధంగానే. జాయెద్ శత జయంతి ఏడాది 2018లో ‘జాయెద్ బాటలో మహిళ’, సహన సంవత్సరం 2019లో సహనానికి ప్రతీకగా మహిళ, 2025లో యూనియన్ యాభయ్యో ఏడు. సెలవు లేదు. ఆఫీసుల్లో, బడుల్లో, ఆసుపత్రుల్లో సభలు, సత్కారాలు ఉంటాయి. ఊరేగింపు ఉండదు, విన్నపపత్రం ఉండదు. పార్టీలకు చోటు లేని దేశంలో వాటిని ఆశించడమూ అమాయకత్వమే.

అందుకే ఈ రోజు ఇచ్చినవాటి లెక్క చెబుతుంది గానీ రావలసినవాటిని అడగదు. 2019 ఎన్నికల నాటికి ఫెడరల్ నేషనల్ కౌన్సిల్‌లో సగం సీట్లు స్త్రీలకివ్వాలని 2018 చివర్లో ఆదేశం వచ్చింది. మన పార్లమెంటు మూడో వంతు కోసం 2023 దాకా కొట్టుకుని, చట్టం చేశాక కూడా అమలును వాయిదా వేసుకుంది. ఇది చూసి మనం కాస్త సిగ్గుపడాల్సిందే. అదే సమయంలో, ఎమిరేట్స్ రాజ్యాంగంలోని 25వ అధికరణం జాతి, మతం, సామాజిక హోదా పేర్లు ఎత్తుతుంది గానీ స్త్రీ, పురుష భేదం మాట ఎత్తదు. మన 15వ అధికరణంలో ఆ మాట మొదటి నుంచీ ఉంది. విదేశీయుణ్ణి పెళ్లాడిన ఎమిరాతీ స్త్రీ బిడ్డలకు పౌరసత్వం పుట్టుకతో రాదు. 18 నిండాక దరఖాస్తు పెట్టుకునే వీలు 2011లో కల్పించారు. తండ్రి ఎమిరాతీ అయితే ఈ బాధ లేదు.

మన దగ్గర తేదీ కాగలిగి ఉండి కూడా కాలేకపోయిన రోజు ఒకటుంది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1న సారా నిషేధం తెచ్చింది. కింది నుంచి పుట్టిన అలాంటి రోజును ఏ ప్రభుత్వమూ క్యాలెండర్‌లో నిలబెట్టలేదు. అబ్కారీ ఆదాయం లెక్కలు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ఇక అల్ ఐన్‌లో ఉన్న మన స్త్రీల సంగతి. ఆగస్టు 28 పేరులోనే ఎమిరాతీ అని ఉంది. దేశ జనాభాలో పది మందిలో దాదాపు తొమ్మిది మంది విదేశీయులు. ఆసుపత్రుల్లో నర్సులుగా, బడుల్లో టీచర్లుగా, ఇళ్లలో ఖద్దామాలుగా, అంటే పనిమనుషులుగా ఉన్న తెలుగు ఆడవాళ్లు ఆ సభల్లో అతిథులే. వాళ్లకు మహిళా దినమంటే మార్చి 8. అయితే ఆగస్టు 28తో సంబంధం లేకుండానే కొన్ని హక్కులు వాళ్ల దాకా వచ్చాయి. 2020 సెప్టెంబర్ 25 నుంచి ప్రైవేటు ఉద్యోగాల్లో ఒకే పనికి, ఒకే విలువగల పనికి స్త్రీ, పురుషులకు సమాన వేతనం ఇవ్వాలన్న చట్ట సవరణ అమల్లోకి వచ్చింది. ఆ చట్టం పాస్‌పోర్టు రంగు చూడదు కాబట్టి ప్రైవేటు ఆసుపత్రిలోని మన నర్సుకూ వర్తిస్తుంది. ఇంట్లో పనిచేసే మనిషికి మాత్రం వర్తించలేదు, ఎందుకంటే కార్మిక చట్టం ఇంటిపనిని తన పరిధి బయటే ఉంచింది. ఆమెకు 2017లో వేరే చట్టం వచ్చింది: వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఏకధాటిగా. కనీస వేతనం ఎంతో ఆ చట్టంలో రాయలేదు.