అక్టోబరు ఒకటవ తేదీ: ఒక రాష్ట్రం, ఒక నిషేధం, ఒక సంచి రక్తం



పదవీ విరమణ తరువాత నాకు అలవడిన నిత్యకృత్యాలలో ముఖ్యమైనది, తెల్లవారగానే సంగంలో పెన్న ఒడ్డుకు నడచిపోవడం. 1882–86 మధ్య కట్టిన పాత ఆనకట్ట, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త బ్యారేజి రెండూ ఇక్కడి వరిపొలాల వెనుక ఉన్న చరిత్రను గుర్తుచేస్తూ ఉంటాయి. మా ఊరి పేరులోనే కలయిక ఉన్నది. నీళ్ళకే గాక తేదీలకు కూడా సంగమాలు ఉంటాయని నాకు తరచు అనిపిస్తుంది. అట్టి సంగమాలలో అక్టోబరు ఒకటవ తేదీ ఒకటి.

1854లో ఇదే రోజున దేశమంతటా దూరంతో నిమిత్తం లేని ఒకే తపాలా రుసుము అమలులోకి వచ్చింది. అర్ధణా బిళ్ళతో ఉత్తరం దేశం ఈ కొసనుండి ఆ కొసకు చేరసాగింది. 1949లో ఇదే రోజున చైనా ప్రజా గణతంత్రం ఏర్పడినట్లు ప్రకటించారు. ఇవి పెద్ద సంఘటనలే. అయితే నెల్లూరు జిల్లావాసిగా, వైద్యుడిగా నన్ను నిలిపి ఆలోచింపజేసేవి మరి రెండు: 1953 అక్టోబరు 1, 1993 అక్టోబరు 1. సరిగ్గా నలభై ఏండ్ల ఎడం. రెండింటికీ మా జిల్లాతో సంబంధం ఉన్నది. రెండింటి మూలంలోనూ మానవ శరీరం పడిన బాధ ఉన్నది.

యాభై ఎనిమిది దినాలు

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా అవతరించింది. పదకొండు జిల్లాలు, బళ్ళారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అందులో చేరాయి. నెహ్రూ ప్రారంభోత్సవం చేశారు. టంగుటూరి ప్రకాశం పంతులు తొలి ముఖ్యమంత్రి, చందూలాల్ త్రివేది తొలి గవర్నరు.

ఆ ఉత్సవానికి మూల్యం అంతకు పది నెలల ముందే చెల్లించబడింది. పొట్టి శ్రీరాములు 1901 మార్చి 16న మద్రాసులో జన్మించారు. ఆయన పూర్వులది నాటి నెల్లూరు జిల్లాలోని కనిగిరి ప్రాంతం. బొంబాయిలో ఆయన చదివినది శానిటరీ ఇంజనీరింగు, అనగా మురుగు, మంచినీరు, ప్రజారోగ్యం. రైల్వేలో ఉద్యోగం చేశారు. తరువాత గాంధీజీ మార్గంలో నడచి, 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనుల ప్రవేశం కోరుతూ నిరాహారదీక్ష చేశారు. చివరి దీక్షను 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో, బులుసు సాంబమూర్తి గారి ఇంట ఆరంభించారు. డిసెంబరు 15 రాత్రి, యాభై ఎనిమిదవ రోజున కన్నుమూశారు. నాలుగు రోజులకు, అంటే డిసెంబరు 19న, రాష్ట్ర నిర్మాణాన్ని నెహ్రూ ప్రకటించారు.

యాభై ఎనిమిది అన్న అంకెను పుస్తకంలో చదివి ముందుకు సాగిపోవడం సులభం. శరీరధర్మం తెలిసినవారికి అది అంత సులభం కాదు. అన్నం మానిన తొలి రోజుననే కాలేయంలోని చక్కెర నిల్వలు దాదాపు అడుగంటుతాయి. ఆపై శరీరం కొవ్వును కరిగించుకొని, ఆ కీటోన్లతో మెదడును నిలుపుకొంటుంది. కొద్ది వారాలలో థయమిన్ అనే బి1 విటమిను తరిగిపోతుంది. కొవ్వు తరిగిన కొద్దీ కండరాలు కరుగుతాయి. గుండె కూడా కండరమే. కొవ్వొత్తి తన్ను తానే తిని వెలుగునిచ్చినట్లు అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. 2008 జూన్‌లో మా జిల్లాకు ఆయన పేరు చేర్చారు. చిరునామాలో ఆ పేరు వ్రాసే ప్రతిసారీ ఆ అంకె నాకు గుర్తుకు వస్తుంది.

మద్యంపై కూలిన తొలి మంత్రివర్గం

కొత్త రాష్ట్రం మద్రాసునుండి వారసత్వంగా మద్యనిషేధాన్ని కూడా తెచ్చుకొన్నది. దానిని కొనసాగించాలా, ఎత్తివేయాలా అన్న వివాదం మొదటినుండే రగిలింది. 1954 నవంబరులో ఆ ప్రశ్నమీదనే ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో ఓడి పదవి కోల్పోయింది. అనగా అక్టోబరు ఒకటిన పుట్టిన రాష్ట్రం తన తొలి ప్రభుత్వాన్ని సీసా పేరుతోనే పోగొట్టుకొన్నది. ఆ తరువాతి దశాబ్దాలలో సారాయి ప్రభుత్వ ఖజానాకు పెద్ద ఆదాయమార్గమైంది. 1980లలో వారుణివాహిని పథకం పేరిట అది ప్యాకెట్లలో పల్లెపల్లెకూ, కూలినాలి చేసుకొనేవారి గడపకూ చేరింది.

అక్షరం చేసిన పని

1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రిబడులకు వచ్చిన వారిలో ఎక్కువమంది స్త్రీలు. వాచకంలోని సీతమ్మ కథ వారికి తమ ఇంటి కథగానే కనిపించింది. మా సంగానికి ఉత్తరాన, కలిగిరి మండలంలోని దూబగుంటలో స్త్రీలు ఏకమై సారాయి అంగడిని మూయించారు. దూబగుంట రోశమ్మగా పేరుగాంచిన వర్ధినేని రోశమ్మ (ఆమె 2016లో మరణించారు) ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచారు. దూబగుంట కథ మరల నవసాక్షరుల వాచకంలో పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. 1992లో స్త్రీలు సారాయి వేలంపాటలను సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్ 15నుండి నెల్లూరు జిల్లాలో, అదే సంవత్సరం అక్టోబరు 1నుండి రాష్ట్రమంతటా సారాయి నిషేధం అమలైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారు.

ఆ ఏప్రిల్‌లో నేను చూచినది

ఇక్కడ నా పొరపాటొకటి చెప్పుకోవాలి. 1993 ఏప్రిల్‌లో నేనొక గ్రామీణ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. నిషేధం వచ్చిన మూడవ రోజో నాలుగవ రోజో, ఒక స్త్రీ తన భర్తను ఎద్దులబండిలో తీసికొని వచ్చింది. అతని చేతులు వణుకుతున్నవి, ఒళ్ళంతా చెమట, గోడమీద పురుగులు ప్రాకుతున్నాయని అరుపులు. వెంట వచ్చినవారు గాలిసోకిందన్నారు. నేను మలేరియా జ్వరం మెదడుకెక్కిందని భావించి ఆ దిశగా చికిత్స మొదలుపెట్టాను. ఒక పూట గడచిన తరువాతగాని, “ఎన్నాళ్ళనుండి తాగుతున్నాడు? ఎప్పుడు మానాడు?” అని అడగాలని నాకు తోచలేదు.

ఆమె తలవంచుకొని అన్నది: “పదిహేనేండ్లనుండి తాగతన్నాడు సారూ. అంగడి మూసిన కాణ్ణించి చుక్క లేదు. అంగడికాడ అడ్డం కూచున్న ఆడోళ్ళలో నేనూ ఉన్నా. నా మొగుణ్ణి నేనే చంపుకుంటన్నానా?”

అతడు బ్రతికాడు. ఆమె చేసినది తప్పు కాదని నేను చెప్పాను. తప్పు మాది. అంగడి మూస్తే ఏ వ్యాధి పైకి వస్తుందో తెలిసి, ముందుగా సిద్ధపడవలసినవారం వైద్యులం. నిషేధం కోరిన స్త్రీలు తమ వంతు చేశారు. మేము చేయవలసినంత చేయలేదు.

తెలుసుకోవలసినది

ఏండ్ల తరబడి ప్రతిదినం త్రాగినవారు ఒక్కసారిగా మానితే ఆరునుండి ఇరువదినాలుగు గంటలలో వణుకు, చెమట, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. కొందరికి రెండు రోజులలోపు మూర్ఛలు రావచ్చు. రెండవ రోజునుండి నాలుగవ రోజు వరకు మతిభ్రమ, లేనివి కనిపించడం, జ్వరం, గుండెదడ వస్తే అది ప్రాణాపాయ స్థితి. భూతవైద్యుని దగ్గర గడిపే ప్రతి గంటా ప్రమాదమే. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అచట తగిన మందులతో పాటు బి1 విటమిను ఇస్తారు. గ్లూకోజు ఎక్కించే ముందు, లేదా దానితో పాటే, ఆ విటమిను ఇవ్వడం అవసరం. శ్రీరాములు గారి దేహంలో ఉపవాసం హరించిన విటమినూ, త్రాగుబోతు దేహంలో మద్యం హరించే విటమినూ ఒకటే.

ఇది చదివి త్రాగుడు మానడానికి జంకవద్దు. మానవలసిందే; అయితే వైద్యుని సలహాతో మానాలి. వ్యసన విముక్తికి జాతీయ ఉచిత సహాయ సంఖ్య 14446, మానసిక సహాయానికి 14416.

అదే తేదీ, మరి రెండు పిలుపులు

1975నుండి మన దేశంలో అక్టోబరు 1ని జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినంగా పాటిస్తున్నారు. 1998 జనవరినుండి రక్తాన్ని డబ్బుకు అమ్ముకోవడం నిషిద్ధమైనందున, నేడు రోగికెక్కే ప్రతి సంచీ ఎవరో ఒకరి దానమే. పదునెనిమిదినుండి అరువదియైదు ఏండ్లలోపు, నలుబదియైదు కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి. 1991నుండి ఐక్యరాజ్యసమితి ఇదే దినాన్ని వయోవృద్ధుల దినంగా జరుపుతున్నది. రక్తమిచ్చే వయస్సు దాటిన నావంటివారికి ఆ రెండవ పిలుపు మిగిలి ఉన్నది.

ఈ అక్టోబరు ఒకటిన మీరు సంబరాలు చేసినా చేయకపోయినా, ఒక పని చేయండి. మీ ఇంటిలోనో, వీధిలోనో త్రాగుడు మానాలని తంటాలు పడుతున్న వ్యక్తి ఒకరు ఉంటారు. మందలించక, “ఎప్పుడు మానావు? ఒళ్ళెలా ఉంది?” అని అడగండి. ముప్పది ఏండ్ల క్రితం నేను ఒక పూట ఆలస్యంగా అడిగిన ప్రశ్న అది.