నేల ఉసిరి ఒక్కటి కాదు

తొలకరి పడగానే పొలం గట్ల మీద, పెరటి గోడల వారన నేల ఉసిరి మొలుస్తుంది. పచ్చకామెర్లకు దాన్ని నూరి తాగించడం మన ఊళ్లలో పాత అలవాటు. కానీ ఆ పేరుతో పీకి తెచ్చేవన్నీ ఒకే జాతి మొక్కలు కావు. ఈ సంగతి తేలడానికి వృక్షశాస్త్రానికే రెండు వందల ఏళ్లు పట్టింది.

1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఒక మొక్కకు 'ఫిల్లాంథస్ నిరూరి' అని పేరు పెట్టాడు. మన మొక్కనూ ఆ పేరు కిందే చేర్చేశారు. హుకర్ రాసిన బ్రిటిష్ ఇండియా వృక్ష గ్రంథంలోనూ, గ్యాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ గ్రంథంలోనూ అదే పేరు. అసలు నిరూరి అమెరికా ఖండాలదని 1950లలో వృక్షశాస్త్రజ్ఞుడు వెబ్‌స్టర్ తేల్చాడు. 1955లో 'ఫ్రాటెర్నస్' అనే జాతిని వేరుచేసి చూపిందీ ఆయనే. మన గ్రంథాల్లోని నిరూరి నిజానికి అమారస్, ఫ్రాటెర్నస్, డెబిలిస్ అనే మూడు జాతుల కలగాపులగమని 1985లో మిత్రా, జైన్ వివరించారు.

వీటిని నిలబడి చూస్తే తేడా తెలియదు. రెమ్మను వెనక్కి తిప్పి, ఆకుల కింద వేలాడే చిన్న పూలను భూతద్దంతో చూడాలి. అమారస్‌కు రక్షక పత్రాలు అయిదు, ఫ్రాటెర్నస్‌కు ఆరు. ఆరే ఉన్న డెబిలిస్‌ను సన్నటి ఆకు పట్టిస్తుంది. వీటి పక్కనే పెరిగే యూరినేరియాకు కాయలు గరుకుగా, కాడ లేనట్టే ఉంటాయి. గింజ మీద గీతలు అడ్డంగా ఉంటాయి. అమారస్ గింజ మీద గీతలు నిలువు. ఇంత ఓపిక మందుల పరిశోధనకు తప్పనిసరి అని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే, హెపటైటిస్-బి వైరస్‌పై ఈ మొక్క ప్రభావాన్ని చెప్పిన 1987 నాటి బ్లూమ్‌బెర్గ్ బృందం వ్యాసం దాన్ని నిరూరి అంది. మరుసటి ఏడు మద్రాసు నుంచి త్యాగరాజన్ బృందం వైద్య పత్రిక 'లాన్సెట్'లో అమారస్ అని రాసింది. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ ఆనవాలు పోయిందని అందులో ఉంది. తర్వాత ఇతర దేశాల్లో చేసిన కొన్ని ప్రయోగాల్లో ఆ ఫలితం రాలేదు. లోపమంతా మొక్కదేనని అనలేం. కానీ ఏ జాతిని వాడారో రూఢి కాకుండా రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టడమెలా?

2010లో వెలువడిన ఒక అధ్యయనం దక్షిణ భారతంలోని మూలికల దుకాణాల సరుకును పరీక్షించింది. 76 శాతం నమూనాల్లో దాదాపు అంతా అమారసే. మిగతా వాటిలో మరో అయిదు జాతులు బయటపడ్డాయి. ఎండి, నలిగి, పూలు రాలిన సరుకులో రక్షక పత్రాలు లెక్కపెట్టే వీలుండదు కనుక, ఆ అధ్యయనం డీఎన్‌ఏ బార్‌కోడ్‌ల సాయం కూడా తీసుకుంది.